ఇంటికి బీమా ఉంది సరే, దేనికి ఉంది?

2024 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడ సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లలో బుడమేరు నీళ్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. నీళ్లు తీశాక చూస్తే వీధి పొడవునా గోడల మీద బురద గీత. ఆ గీత కింద ఉన్నదంతా పోయినట్టే. తేలి ఎక్కడికో కొట్టుకుపోయి పక్కకు ఒరిగిన ఫ్రిజ్, ఉబ్బి పొరలు ఊడిన ప్లైవుడ్ కప్‌బోర్డులు, నీళ్లు తాగి ఇద్దరు పట్టినా లేవని పరుపులు, కంపు కొడుతున్న బియ్యం బస్తా. గీత పైన ఫ్యాను, దేవుడి పటం మిగిలాయి. ప్రభుత్వం నీట మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తుల వారికి 10,000 రూపాయలు సాయంగా ప్రకటించింది. ఆ డబ్బు ఆ నెల గడవడానికి అక్కరకొచ్చింది. కానీ ఒక్క ఫ్రిజ్, ఒక్క వాషింగ్ మెషిన్ కొత్తవి కొనాలంటేనే 25,000 చాలదు.

గోడ మీది ఆ గీతను గుర్తు పెట్టుకుంటే ఇంటి బీమాలో ఉన్న స్థాయిలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. బ్యాంకు లోన్‌తో ఇల్లు కొన్నవారిలో చాలామందికి లోన్ కాగితాల కట్టలో ఎక్కడో ఒక బీమా పాలసీ ఉంటుంది. అది కట్టడానికి మాత్రమే తీసుకున్నదైతే గోడలకు, తలుపులకు, వైరింగ్‌కు డబ్బు వస్తుంది. గీత కింద పోయిన సామానుకు ఒక్క రూపాయి కూడా రాదు. కొన్నిసార్లు ఆ పాలసీ అసలు ఇంటి బీమాయే కాదు. లోన్ తీసుకున్న మనిషి చనిపోతే బాకీ తీర్చే జీవిత బీమా. రెండింటినీ బ్యాంకులో "ఇన్సూరెన్స్" అనే ఒక్క మాటతోనే చెబుతారు. కాబట్టి లోన్ ఉన్నవారు ముందు చేయాల్సిన పని ఆ కాగితం తీసి అది ఇంటికా, మనిషికా చూసుకోవడం.

మూడు మెట్లు కాదు, మూడు ప్రశ్నలు

కంపెనీల బ్రోషర్లలో బేసిక్, గోల్డ్, ప్లాటినం అని పేర్లు ఉంటాయి. ఆ పేర్లకు చట్టంలో అర్థమేమీ లేదు. ఒక కంపెనీ గోల్డ్‌లో ఉన్నది ఇంకో కంపెనీ బేసిక్‌లోనే ఉండొచ్చు. కవరేజీ స్థాయిని నిజంగా తేల్చేవి మూడు సంగతులు. దేనికి బీమా: కట్టడానికా, సామానుకా, రెండింటికా? ఏ ప్రమాదం నుంచి బీమా: పాలసీలో పేరు పెట్టి రాసిన ప్రమాదాల నుంచేనా, లేక మినహాయించినవి తప్ప మిగతా అన్నింటి నుంచా? నష్టం జరిగితే ఏ లెక్కన ఇస్తారు: పాతబడిన విలువ లెక్కనా, కొత్తది కొనే ఖర్చు లెక్కనా?

ఈ మూడింటిలో మొదటిది చాలామందికి తెలుసు. రెండోది కొందరు అడుగుతారు. మూడోది దాదాపు ఎవరూ అడగరు. చేతికొచ్చే డబ్బులో పెద్ద తేడా తెచ్చేది మాత్రం అదే. పదేళ్ల కిందటి ఇంటికి "మార్కెట్ విలువ" పద్ధతిలో బీమా ఉంటే, నష్టం లెక్కగట్టే సర్వేయర్ ఇవాళ కట్టే ఖర్చు వేసి, అందులోంచి పదేళ్ల తరుగు తీసేస్తాడు. మేస్త్రీ, సిమెంటు కొట్టువాడు మాత్రం తరుగు తీసి డబ్బు తీసుకోరు కదా. ఆ తేడా అంతా ఇంటి యజమాని జేబులోంచే పోతుంది. "పునర్నిర్మాణ విలువ" పద్ధతిలో తరుగు తీయరు. పోయిన భాగాన్ని మళ్లీ కొత్తగా కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. ఇది కాక మూడో పద్ధతి ఒకటుంది. పాలసీ తీసుకునేటప్పుడే ఫలానా వస్తువు విలువ ఇంత అని మనమూ కంపెనీ ఒప్పుకుని రాసుకోవడం. పాత వెండి సామాను, కళాఖండాలు, నగల లాంటి వాటికి ఇదే సరైన దారి. ఎందుకంటే తాతల కాలం నాటి వస్తువు పోయాక దాని ధర ఎంతో వాదించుకోవడం కన్నా కష్టమైన పని ఉండదు.

అందరికీ ఒకటే పునాది

భారత్‌లో ఇంటి బీమాకు 2021 ఏప్రిల్ 1 నుంచి ఒక ప్రామాణిక పాలసీ ఉంది. పేరు భారత్ గృహ రక్ష. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీన్ని తయారు చేసి, అగ్ని ప్రమాద బీమా అమ్మే సాధారణ బీమా కంపెనీలన్నీ దీన్ని తప్పనిసరిగా అమ్మాలని చెప్పింది. ఏ కంపెనీ దగ్గర కొన్నా మూల షరతులు ఒకటే. కాబట్టి కంపెనీకీ కంపెనీకీ పోల్చాల్సింది ప్రీమియం, క్లెయిమ్ తీర్చే తీరు. ఇంత మేలైన పాలసీ గురించి ఏజెంట్లు గట్టిగా చెప్పకపోవడానికి ఒక కారణం ఊహించడం కష్టం కాదు: దీని ప్రీమియం తక్కువ, కాబట్టి దానిమీద వచ్చే కమిషన్ కూడా తక్కువే.

ఇందులో కవరయ్యే ప్రమాదాల జాబితా చాలామంది అనుకునేదానికన్నా పెద్దది. అగ్ని ప్రమాదం, పేలుడు, పిడుగు, భూకంపం, తుపాను, వరద, ముంపు, సునామీ, కొండచరియలు విరిగిపడటం, అడవి మంటలు, వాహనమో చెట్టో వచ్చి ఇంటికి గుద్దుకోవడం, అల్లర్లు, సమ్మెలు, కావాలని ఎవరో చేసిన విధ్వంసం, ఉగ్రవాద చర్య, నీళ్ల ట్యాంకు లేదా పైపు పగిలిపోవడం. ఇవన్నీ మూల పాలసీలోనే ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కిటికీ అద్దాలు, టెర్రస్ మీది ట్యాంకులు, ప్రహరీ గోడలు పోయిన ఇళ్లకు లెక్కలేదు. అలాంటి నష్టానికి ఇప్పుడు విడిగా యాడ్-ఆన్ (డబ్బు కట్టి చేర్చుకునే అదనపు కవర్) అక్కర్లేదు. ప్రహరీ, గేటు, షెడ్డు, నీళ్ల ట్యాంకు, పైకప్పు మీది సోలార్ ప్యానెళ్లు కూడా ఇంటి కట్టడంలో భాగంగా చేర్చుకోవచ్చు. అయితే బీమా మొత్తం లెక్కేసేటప్పుడు వాటి విలువ కూడా కలపాలి. మనకు భూకంపాలు ఎక్కడివిలే అనుకునేవారు 2024 డిసెంబరు 4 ఉదయాన్ని గుర్తు చేసుకోవాలి. ఆ రోజు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది.

కట్టడానికీ సామానుకూ కలిపి పాలసీ తీసుకుంటే, సామాను జాబితా ఇవ్వకుండానే కట్టడం బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సామానుకు కవర్ వస్తుంది. అంతకు మించి కావాలంటే వివరాలు ఇచ్చి పెంచుకోవచ్చు. శిథిలాలు తీయించే ఖర్చుకు క్లెయిమ్ మొత్తంలో 2 శాతం దాకా, ఇంజినీరు, ఆర్కిటెక్టు ఫీజులకు 5 శాతం దాకా అదనంగా ఇస్తారు. ఇల్లు ఉండటానికి వీల్లేకుండా పోతే వేరే చోట అద్దె, లేదా మనకు రావాల్సిన అద్దె పోతే ఆ నష్టం కూడా పాలసీ పరిమితుల్లో వస్తాయి.

పదేళ్ల దాకా ఒకేసారి పాలసీ తీసుకోవచ్చు. అలా దీర్ఘకాలానికి తీసుకుంటే కట్టడం బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతట అదే పెరుగుతుంది. మొదట రాసిన మొత్తానికి రెట్టింపు దాకా ఈ పెరుగుదల ఉంటుంది. దీనికి అదనపు ప్రీమియం లేదు. ఇసుక, సిమెంటు, కూలి రేట్లు ఏటా ఎక్కే ఈ రోజుల్లో ఇది చిన్న సౌకర్యం కాదు.

జాబితాలో ఉన్నట్టే ఉండి, లేనివి

పాలసీ చదివేటప్పుడు కవరయ్యే ప్రమాదాల పేర్లు చూసి ఆగిపోతే సగమే చదివినట్టు. ప్రతి ప్రమాదం పక్కన "ఇవి మాత్రం కావు" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇళ్లు కట్టే తీరును బట్టి చూస్తే వీటిలో కొన్ని నేరుగా మన గడపకే తగులుతాయి.

ఇంటి కింది నేల కుంగితే కవర్ ఉంది. కానీ మట్టి పోసి ఎత్తు చేసిన నేల సర్దుకోవడం వల్ల వచ్చిన కుంగుబాటుకు లేదు. చెరువులనో కుంటలనో పూడ్చి వేసిన వెంచర్లలో ప్లాట్లు కొని ఇళ్లు కట్టుకున్నవారు ఈ ఒక్క వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. కొత్త కట్టడంలో మామూలుగా వచ్చే పగుళ్లు, నాసిరకం పనివల్ల వచ్చిన నష్టం కూడా అంతే. పక్క ప్లాటులో సెల్లార్ కోసం ఇరవై అడుగులు తవ్వితే మన గోడ నెర్రెలిచ్చిందనుకోండి. హైదరాబాద్‌లో ఇది రోజూ వినే గొడవ. తవ్వకాల వల్ల జరిగిన కుంగుబాటు కూడా మినహాయింపుల్లోనే ఉంది. ఆ నష్టం పక్క బిల్డర్ దగ్గరే రాబట్టుకోవాలి.

కాకినాడ జిల్లా ఉప్పాడలో సముద్రం ఏళ్ల తరబడి తీరాన్ని కొరుకుతూ వస్తోంది. ఇళ్లు ఒక్కొక్కటిగా అలల పాలయ్యాయి. తుపానులో ఉప్పెన నీళ్లు ఇంట్లోకి వచ్చి నష్టం జరిగితే అది ముంపు, కవర్ ఉంది. కెరటాలు నెలల తరబడి పునాది కింది ఇసుకను లాగేసి ఇల్లు కూలితే అది తీరం కోత. పాలసీ దాన్ని స్పష్టంగా మినహాయించింది. నది కోతకూ అదే మాట. గోదావరి లంకల్లో గట్టు అంచున ఉన్న ఇళ్లవాళ్లకు ఈ తేడా తెలిసి ఉండాలి. బీమా ఎప్పుడూ అనుకోకుండా వచ్చిపడే దెబ్బకే. మెల్లగా, కళ్ల ముందే జరిగే అరుగుదలకు కాదు. వానాకాలం వచ్చిన ప్రతిసారీ స్లాబ్ కారడం, గోడ చెమ్మ పట్టడం కూడా ఈ కారణంతోనే బయటికి పోతాయి. క్లెయిమ్ ఫారంలో అలాంటి చెమ్మను "వరద నష్టం" అని రాస్తే ఉన్న నిజమైన నష్టం మీద కూడా అనుమానం వస్తుంది.

కరెంటు సంగతీ ఇలాంటిదే. హై ఓల్టేజీ వచ్చి ఫ్రిజ్ కాలిపోతే ఆ ఫ్రిజ్‌కు మూల పాలసీ డబ్బివ్వదు. ఆ ఫ్రిజ్‌లో లేచిన మంట కర్టెన్లకు, సోఫాకు, పక్క గదికి పాకితే వాటన్నింటికీ ఇస్తుంది. పరికరం చెడిపోవడానికి కవర్ కావాలంటే గృహోపకరణాల బ్రేక్‌డౌన్ విభాగం విడిగా తీసుకోవాలి. అక్రమ నిర్మాణమని అధికారులు కూల్చేస్తే దానికి ఏ స్థాయి పాలసీలోనూ దారి లేదు.

ఎంతకు తీసుకోవాలి అన్న దగ్గరే తప్పటడుగు

ఇంటి బీమా గురించి మాట్లాడితే ముందు వినిపించే మాట, "మా ఇల్లు కోటి పలుకుతుంది, కోటికి బీమా అంటే ప్రీమియం ఎంతవుతుందో!" ఇక్కడే లెక్క దారి తప్పుతుంది. ఆ కోటిలో స్థలం విలువ ఉంది, ఏరియా పేరుకు ఉన్న విలువ ఉంది, మెట్రో స్టేషన్ దగ్గరున్నందుకు పెరిగిన ధర ఉంది. వరద వచ్చినా భూకంపం వచ్చినా స్థలం ఎక్కడికీ పోదు. పోయేది కట్టడం. కాబట్టి భారత్ గృహ రక్షలో కట్టడం విలువను కార్పెట్ ఏరియాను, అంటే గోడల లోపల వాడుకునే నేల విస్తీర్ణాన్ని, ఆ ఊళ్లో ఇవాళ్టి నిర్మాణ ఖర్చుతో గుణించి తేలుస్తారు.

ఒక లెక్క చూద్దాం. 90 లక్షలకు కొన్న ఫ్లాట్. కార్పెట్ ఏరియా 1,200 చదరపు అడుగులు. నిర్మాణ ఖర్చు చదరపు అడుగుకు 2,200 రూపాయలు అనుకుందాం. బీమా చేయాల్సింది 26 లక్షల 40 వేలు, 90 లక్షలు కాదు. సామానుకు దానంతటదే వచ్చే 20 శాతం అంటే 5 లక్షల 28 వేలు. ఆ ఇంట్లో మాడ్యులర్ కిచెన్, రెండు ఏసీలు, పెద్ద టీవీ, ల్యాప్‌టాప్‌లు ఉన్నాయనుకుంటే ఒక్కో గదికీ వెళ్లి కాగితం మీద రాసుకుంటూ పోతే ఆ 5 లక్షలు హాల్లోనే అయిపోతాయి. అంటే ఈ ఇంటివాళ్లు కట్టడం దగ్గర భయపడినంత ఖర్చు లేదు, సామాను దగ్గర అనుకున్నంత రక్షణ లేదు. తగ్గించాల్సిన చోట తగ్గించి, పెంచాల్సిన చోట పెంచుకుంటే సరిపోతుంది.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు కూడా జరుగుతుంది. బ్యాంకు తన లోన్ ఎంత ఉందో అంతకే బీమా చేయిస్తుంది. కట్టడం విలువ 40 లక్షలైనా మిగిలిన లోన్ 12 లక్షలే అయితే 12 లక్షలకే పాలసీ ఉండొచ్చు. పైగా పాలసీలో బ్యాంకు క్లాజు ఉంటే క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. బ్యాంకు బాకీ తీరుతుంది, ఇల్లు మాత్రం లేవదు. లోన్ ఇచ్చే బ్యాంకు చెప్పిన కంపెనీ దగ్గరే బీమా తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. బయట తీసుకుని కాపీ ఇస్తే చాలు.

తక్కువకు బీమా చేస్తే ఏమవుతుందన్నది ఇంటికీ కొట్టుకూ వేర్వేరు. భారత్ గృహ రక్షలో తక్కువ బీమా పేరుతో కోత పూర్తిగా ఎత్తేశారు. 26 లక్షల కట్టడానికి 20 లక్షలకే బీమా ఉండి, 4 లక్షల నష్టం జరిగితే 4 లక్షలూ ఇస్తారు. ఇల్లంతా పోతే మాత్రం 20 లక్షల దగ్గరే ఆగుతుంది. కొట్ల సంగతి అలా కాదు. సరుకు 20 లక్షలది ఉంటే 10 లక్షలకే బీమా చేసిన వ్యాపారికి 6 లక్షల నష్టం జరిగిందనుకోండి. సగమే బీమా చేశాడు కాబట్టి నష్టంలో సగం, అంటే 3 లక్షలే వస్తాయి. మిగిలిన 3 లక్షలకు అతనే తన బీమా కంపెనీ అన్నమాట. చిన్న వ్యాపారాల కోసం అదే 2021లో వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, ఆ పైస్థాయి వారికి వచ్చిన భారత్ లఘు ఉద్యమ్ సురక్ష పాలసీల్లో 15 శాతం దాకా తక్కువున్నా క్షమిస్తారు. 20 లక్షల సరుకుకు 17 లక్షలకు బీమా ఉంటే కోత పడదు. అంతకన్నా తక్కువైతే పడుతుంది. సూక్ష్మ పాలసీ 5 కోట్ల దాకా విలువ ఉన్నవాటికి, లఘు పాలసీ 5 నుంచి 50 కోట్ల మధ్య ఉన్నవాటికి.

మన ఊళ్లలో ముందు గది కిరాణా కొట్టు, వెనక ఇల్లు అన్నది మామూలే. ఇంటి పాలసీ కొట్టు సరుకును చూడదు. ముందు గదికి సూక్ష్మ పాలసీ, వెనక ఇంటికి గృహ రక్ష. రెండూ ఉండాలి. ఇల్లంతా నివాసమే అని రాసి ముందు గదిలో వ్యాపారం నడిపితే క్లెయిమ్ రోజున ఆ అబద్ధం మొత్తం పాలసీనే ఇబ్బందిలో పడేస్తుంది.

దొంగతనం, బంగారం

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి తాళం పగిలి ఉంది. బీరువా తలుపు వంగి ఉంది. ఇంటి బీమా ఉందన్న ధైర్యంతో ఫోన్ చేస్తే, మూల పాలసీలో దొంగతనం లేదన్న సంగతి అప్పుడు తెలుస్తుంది. భారత్ గృహ రక్షలో ఉన్నది ఒక్కటే. వరద, అగ్ని ప్రమాదం లాంటి కవరైన ఘటన జరిగాక, దాని వల్లే, ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికి కవర్ ఉంది. నీట మునిగిన ఇల్లు వదిలి బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు జరిగే దొంగతనం దీని కిందికి వస్తుంది. పండక్కి వెళ్లినప్పుడు జరిగేది రాదు.

దానికి దోపిడీ కవర్ కావాలి. ఇది కంపెనీలు అమ్మే గృహస్థ ప్యాకేజీ పాలసీల్లో ఒక విభాగంగా ఉంటుంది. ఆ ప్యాకేజీలు ఒక అల్మారా లాంటివి. అగ్ని, దోపిడీ, నగలు, ఉపకరణాల బ్రేక్‌డౌన్, అద్దాలు, మన వల్ల పక్కవారికి కలిగిన నష్టానికి చట్టపరమైన బాధ్యత అంటూ అరలు ఉంటాయి. కావాల్సిన అర తీసుకోవచ్చు. దోపిడీ విభాగంలో సాధారణంగా తలుపో కిటికీయో బద్దలుకొట్టి లోపలికి వచ్చిన ఆనవాలు ఉండాలి. పనిమనిషో, తెలిసినవాళ్లో తీసి ఉన్న తలుపులోంచి వచ్చి పట్టుకెళ్లడానికి విడిగా రాయించుకోవాలి. పోలీసు ఎఫ్ఐఆర్ లేకుండా ఈ క్లెయిమ్ ముందుకు కదలదు.

బంగారం తెలుగు ఇళ్లలో అన్నింటికన్నా విలువైన సామాను, బీమాలో అన్నింటికన్నా నిర్లక్ష్యం చేసేదీ అదే. సాధారణ సామాను కవర్‌లో నగలు లేవు. భారత్ గృహ రక్షలో విలువైన వస్తువుల కవర్ అని ఒక ఐచ్ఛిక భాగం ఉంది. నగలు, వెండి సామాను, చిత్రాలు, పురాతన వస్తువులకు ఒప్పుకున్న విలువ లెక్కన కవర్ ఇస్తుంది. కానీ అదీ పాలసీలో రాసిన ప్రమాదాలకే. దోపిడీకి మళ్లీ ప్యాకేజీలోని నగల విభాగమే దిక్కు. లాకర్లో పెట్టాం కదా, బ్యాంకు చూసుకుంటుందిలే అన్న నమ్మకం కూడా సగమే నిజం. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్ని ప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం వల్ల లాకర్లోని వస్తువులు పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల దాకే. ఏడాదికి 3,000 అద్దె కట్టే లాకర్‌కు 3 లక్షలు. పెళ్లీడు కూతురున్న ఇంట్లో లాకర్లో ఉండే బంగారం ఎంతో వేరే చెప్పక్కర్లేదు. వరద, భూకంపం లాంటి వాటిలో పోతే, బ్యాంకు నిర్లక్ష్యం లేనప్పుడు, ఆ మాత్రం బాధ్యత కూడా లేదు.

ఫ్లాట్లలో ఉన్నవారు, అద్దెకు ఉన్నవారు

ఫ్లాట్ యజమాని పాలసీ తన ఫ్లాట్ గోడల మధ్య ఉన్నదానికి. లిఫ్టు, జనరేటర్, బోర్ మోటార్లు, కింద సంపు, మెట్లు, కారిడార్లు అందరివీ. వాటికి అసోసియేషన్ విడిగా బీమా తీసుకోవాలి. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో సెల్లార్లు నిండి లిఫ్టు మోటార్లు, ప్యానెల్ బోర్డులు పాడైన అపార్ట్‌మెంట్లు ఎన్నో. ఆ బాగు ఖర్చు ఫ్లాటుకు ఇంత అని పంచుకోవాల్సిందే. మెయింటెనెన్స్ లెక్కలు చూసే మీటింగులో ఈ ఒక్క పాలసీ గురించి పది నిమిషాలు మాట్లాడుకుంటే చాలు. సెల్లార్లో మునిగిన కార్లకు ఇంటి బీమా వర్తించదు, అది వాహన బీమా సంగతి.

ఇల్లు మనది కాదు కదా, మనకెందుకు బీమా అన్న మాట అద్దెకున్నవారి దగ్గర వినిపిస్తుంది. ఇల్లు ఓనర్‌ది. టీవీ, ఫ్రిజ్, మంచాలు, బట్టలు అద్దెకున్నవారివి. సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు, దానికి ఇంటి కాగితాలతో పనిలేదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకు ఉండేవారికి, ముఖ్యంగా బుడమేరు, మున్నేరు లాంటి వాగుల పక్కన ఉండేవారికి, ఇది ఓనర్‌కన్నా ఎక్కువ అవసరం. ఓనర్ గోడకు సున్నం వేయించుకుని మళ్లీ అద్దెకిస్తాడు. అద్దెకున్న కుటుంబం గిన్నెల దగ్గర నుంచి మళ్లీ కొనుక్కోవాలి.

అమెరికాలో ఉన్నవారికి లెక్క తిరగబడుతుంది

టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న తెలుగువారికి ఇక్కడి అలవాటు అక్కడ పనికిరాదు. మన ప్రామాణిక పాలసీలో వరద ఉంది, దొంగతనం లేదు. అక్కడ ఎక్కువమంది తీసుకునే హెచ్‌ఓ-3 పాలసీలో దొంగతనం ఉంది, వరద లేదు. భూకంపం కూడా లేదు. హెచ్‌ఓ-3 కట్టడాన్ని మినహాయింపులు తప్ప అన్ని ప్రమాదాల నుంచీ కాస్తుంది. సామానును మాత్రం పేరు పెట్టి రాసిన ప్రమాదాల నుంచే కాస్తుంది. అంటే ఒకే పాలసీలో రెండు స్థాయిలు. హెచ్‌ఓ-5లో సామానుకు కూడా పై స్థాయే వస్తుంది. అద్దెకున్నవారికి హెచ్‌ఓ-4, కాండోలకు, అంటే సొంత ఫ్లాట్లకు, హెచ్‌ఓ-6. వరదకు విడిగా ప్రభుత్వ వరద బీమా పథకంలో చేరాలి. ఇంటికి గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్లు, సామానుకు లక్ష డాలర్లు. మామూలుగా చేరిన 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. తుపాను టీవీలో కనిపించాక పరిగెత్తితే లాభం లేదు. 2017లో హార్వే తుపాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడు వరద బీమా లేని ఇళ్లు వేల సంఖ్యలో ఉన్నాయి. ఇంటి బీమా ఉంది కదా అన్న ధీమాతో ఉన్నవారికి ఆ వారం గట్టి దెబ్బే తగిలింది.

క్లెయిమ్ రోజున

నీళ్లు తీశాక ఎవరికైనా మొదట చేయాలనిపించేది ఇల్లు కడుక్కోవడం. చీపురు పట్టుకునే ముందు ఫోన్ పట్టుకోవాలి. గోడ మీది నీటి గీత కనిపించేలా ప్రతి గదినీ ఫొటో తీయాలి. ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషిన్ పక్కన ఉండే స్టిక్కర్ మీది మోడల్, సీరియల్ నంబర్లు కనిపించేలా దగ్గర్నుంచి తీయాలి. బిల్లు నీళ్లలో పోయినా ఆ నంబరుతో వస్తువు ఏదో తేలుతుంది. ఆన్‌లైన్‌లో కొన్నవైతే బిల్లు మెయిల్లోనే ఉంటుంది. పాడైన పరుపులను చెత్తబండికి వేసే ముందు సర్వేయర్ చూసేలా ఆగాలి, కంపు భరించలేకపోతే కనీసం వీడియో తీసి కంపెనీకి చెప్పి వేయాలి. లక్ష రూపాయలు, అంతకు మించిన నష్టమైతే లైసెన్స్ ఉన్న సర్వేయర్ వచ్చి చూడాలన్నది చట్టం. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, అతను 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, నివేదిక అందిన ఏడు రోజుల్లో కంపెనీ తన నిర్ణయం చెప్పాలి. ఈ గడువులు తెలిసినవారు ఫోన్‌లో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. అవతలివారు జవాబిచ్చే తీరు కూడా మారుతుంది.

కంపెనీ తిరస్కరించినా, తక్కువ ఇచ్చినా ముందు దాని ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. 50 లక్షల రూపాయల దాకా విలువైన వివాదాలు అక్కడ తేలుస్తారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. పాలసీ కాపీ, కంపెనీ రాసిన ఉత్తరం, నీటి గీత ఫొటోలు ఒక కవర్లో పెట్టుకుని వెళితే చాలు.